పాసు కొనాలా, ఏ రోజుకారోజు టికెట్ తీసుకోవాలా?

ఈసారి శీర్షిక మొత్తం ఒకే విషయం మీద. చీపురుపల్లి నుంచి ఒకబ్బాయి బస్సు పాసు గురించి అడిగాడని కిందటి సంచికలో ఒక్క ముక్క రాసి, జవాబు తరవాత చెబుతానని వదిలేశాను. అంతే, శ్రీకాకుళం జిల్లా నుంచీ విజయనగరం జిల్లా నుంచీ అదే ప్రశ్న రకరకాలుగా వచ్చిపడింది. నెల మొదట్లో వెయ్యో పదిహేను వందలో ఒకేసారి తీసి ఇవ్వడమంటే మన ఇళ్లలో చిన్న విషయం కాదు. అందుకే రెండు ముక్కల్లో తేల్చకుండా, ఉన్న చోటంతా దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: విజయనగరంలో బట్టల కొట్లో పనిచేస్తున్నాను. చీపురుపల్లి నుంచి రోజూ బస్సులో రాకపోకలు. ఎన్నిసార్లయినా తిరగొచ్చు కదా అని మూడు నెలలుగా నెల పాసు తీసుకుంటున్నాను. మా బావేమో "నువ్వెక్కేది తక్కువ, కట్టేది ఎక్కువ" అంటున్నాడు. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం రాగానే నేను మీకొక పని చెప్పాను గుర్తుందా, ఇంట్లో గోడకున్న క్యాలెండర్లో పాల లెక్క రాసినట్టే బస్సు లెక్క కూడా ఒక నెల రాయమని. పాలు రాని రోజు మన అమ్మలు ఆ గడిలో సున్నా చుడతారు, నెలాఖరుకి పాలవాడితో పేచీ ఉండదు. బస్సుకీ అంతే. వెళ్లేటప్పుడు ఒక గీత, వచ్చేటప్పుడు ఒక గీత, ఎక్కని రోజు సున్నా. మీరు పంపిన ఫోటో ఇప్పుడు నా ముందే ఉంది. నీలం పెన్నుతో గీతలు, నాలుగు ఆదివారాలకీ సున్నాలు, జ్వరమొచ్చిన రెండు రోజులకి సున్నాలు, ఇంకో మూడు గళ్లలో "సీను బండి" అని రాసి ఉంది, అంటే ఆ రోజుల్లో స్నేహితుడి బైకు మీద వెళ్లొచ్చారు. నాలుగు గళ్లలో ఒకటే గీత ఉంది, ఆ సాయంత్రాలు కొట్టు వ్యానులో ఇంటికొచ్చారట.

ఇప్పుడు లెక్క చూద్దాం. 30 రోజుల్లో 4 ఆదివారాలు పోతే 26. జ్వరం 2 పోతే 24. బైకు 3 పోతే 21. ఇరవయ్యొక్క రోజుల రాకపోకలు 42, అందులో వ్యానులో వచ్చిన 4 తీసేస్తే మిగిలేవి 38. నెలకి 26 రోజులు తిరుగుతున్నానని మీరు ఉత్తరంలో రాశారు, అంటే 52 సార్లు. క్యాలెండర్ మాత్రం 38 అంటోంది. మీరు అబద్ధం రాశారని కాదు, మనందరం అలాగే అనుకుంటాం. వెళ్లాల్సిన రోజుల్ని లెక్కపెట్టుకుంటాం తప్ప నిజంగా బస్సెక్కిన రోజుల్ని కాదు.

ఇక చెయ్యాల్సింది ఒక్క భాగహారం. పాసు ఖరీదుని ఒకవైపు చార్జీతో భాగించండి. లెక్క తేలిగ్గా ఉండడానికి పాసు 1,600 అనీ, ఒకవైపు టికెట్ 40 అనీ అనుకుందాం, భాగిస్తే 40 వస్తుంది. నెలలో నలభై సార్లు ఎక్కితే డబ్బుకి డబ్బు సరి, నలభై దాటిన ప్రతి ప్రయాణమూ లాభం, తగ్గిన ప్రతిదీ నష్టం. మీది 38 కాబట్టి ఈ అంకెల ప్రకారం 80 రూపాయలు ఎదురు కట్టారు. మీ అసలు చార్జీ, అసలు పాసు ధర కౌంటర్లో అడిగి అవే పెట్టి చూసుకోండి. పద్ధతి మాత్రం ఇదే.

మీ బావ మాట నిజమే అయినా నేను మీకు పాసు మానెయ్యమని చెప్పడం లేదు. ఎనభై రూపాయలు పెద్ద తేడా కాదు, రెండు ప్రయాణాలు పెరిగితే సరిపోతుంది. అడగాల్సింది ఇంకొకటి ఉంది. జేబులో పాసు ఉంది కాబట్టి మీరు చేసిన ప్రయాణం, లేకపోతే చెయ్యనిది, ఏదైనా ఉందా? మధ్యాహ్నం ఒక పూట సెలవు దొరికితే ఇంటికెళ్లి అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లి మళ్లీ కొట్టుకి వచ్చారా? అలాంటివి నెలకి రెండో మూడో ఉంటే పాసు ఉంచుకోండి. పాసుకి అసలు విలువ అక్కడే ఉంది. చార్జీ గురించి ఆలోచించకుండా బస్సెక్కగలగడం చిన్న సుఖమేమీ కాదు. ఇంకోటి, చిల్లర బాధ ఉండదు. పొద్దున్నే వంద నోటు ఇస్తే కండక్టరు టికెట్ వెనకాల బాకీ చిల్లర పెన్నుతో రాసిస్తాడు, ఆ ముక్క జేబులో చెమటకి తడిసి అంకె చెరిగిపోతుంది, దిగే కంగారులో అడగడం మర్చిపోతాం. నెలలో రెండుసార్లు అలా పోయినా అదీ ఖర్చే కదా.

పాసు ఉంది కదా అని దానికోసమే తిరిగితే మాత్రం అది లాభం కాదు. పాసు వసూలవ్వాలని ఆదివారం పనిలేకుండా టౌనుకొచ్చి, సినిమాకీ టిఫినుకీ మూడొందలు ఖర్చుపెట్టి వెళ్లినవాళ్లు నాకు తెలుసు.

పాసు మొదలుపెట్టే తేదీ కూడా చూసుకోండి. ఒకటో తేదీనే కొనాలని రూలేమీ లేదు. సంక్రాంతికి కొట్టు నాలుగు రోజులు మూస్తారనుకుంటే, జనవరి 1న కొంటే ఆ నాలుగు రోజులూ పాసులోంచే పోతాయి. పండగయ్యాక కొనండి, ఈలోపు విడి టికెట్లు తీసుకోండి. దసరా, పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో కూడా ఇంతే. మీ కొట్టుకి సెలవా లేక ఆ వారమంతా ఓవర్‌టైమా అన్నది ముందే కనుక్కుని, దాన్నిబట్టి తేదీ పెట్టుకోండి.

ప్రశ్న: శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర మా ఇల్లు. విజయనగరంలో ఉద్యోగం. రైలు సీజన్ టికెట్ చాలా చవకని అందరూ అంటున్నారు. బస్సు మానేసి సీజన్ తీసుకోనా?
– ఒక గుమస్తా, శ్రీకాకుళం

జవాబు: సీజన్ టికెట్ అంటే రైలు పాసే, చవకే, అందులో సందేహం లేదు. రైల్లో నెల సీజన్ ఖరీదు సుమారుగా పది, పదిహేను విడి టికెట్లతో సరిపోతుంది, అంటే వారం పది రోజుల రాకపోకలకే డబ్బు తిరిగొచ్చేస్తుంది, మిగతా నెలంతా మిగులే. 2025 జులై 1న రైలు చార్జీలు పెంచినప్పుడు కూడా సీజన్ ధరల జోలికి పోలేదు. శ్రీకాకుళం రోడ్డు నుంచి విజయనగరం సుమారు 70 కిలోమీటర్లు, సీజన్ టికెట్‌కి గరిష్ఠ దూరం 150 కిలోమీటర్లు కాబట్టి ఆ ఇబ్బందీ లేదు.

కానీ శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. ఇది మీకు నేను చెప్పాలా? అయినా లెక్క వేసేటప్పుడు అందరూ మర్చిపోయేది దీన్నే. ఏడురోడ్ల జంక్షన్ నుంచి స్టేషన్‌కి పన్నెండు కిలోమీటర్ల పైమాటే, అక్కడికి ఆటో. విజయనగరం స్టేషన్లో దిగాక ఆఫీసుకి ఇంకో ఆటో. సాయంత్రం మళ్లీ రెండు. అంటే రోజుకి నాలుగు ఆటోలు, సీజన్ టికెట్ వీటిలో ఒక్కదానికీ పనికిరాదు. నెలాఖరుకి కూడితే రైలుకి కట్టింది అన్నిటికన్నా చిన్న అంకె అవుతుంది, ఆటోలకి కట్టింది దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. బైకు స్టేషన్లో పెట్టి వెళతానంటే స్టాండు డబ్బులు, పెట్రోలు కలపండి.

బస్సు అయితే ఇక్కడ కాంప్లెక్స్‌లో, అంటే బస్టాండులో ఎక్కి, అక్కడ కాంప్లెక్స్‌లో దిగుతారు. మీరు ఉండేది ఏడురోడ్ల దగ్గర కాబట్టి నా ఓటు బస్సుకే, దాని మీదే పాసా టికెట్టా అని పైన చెప్పిన లెక్క వేసుకోండి. అదే మీ ఇల్లు ఆమదాలవలసలోనో, పొందూరులోనో, దూసిలోనో స్టేషన్ పక్కనే ఉండి ఉంటే రెండో ఆలోచన లేకుండా సీజన్ తీసుకోమనేవాణ్ణి. ఒకే రైలు, ఒకే సీజన్, ఒకరికి లాభం, పది కిలోమీటర్ల అవతల ఇంకొకరికి నష్టం.

ప్రశ్న: నేను విజయనగరం నుంచి వైజాగ్ ఉద్యోగానికి రోజూ రైల్లో సీజన్ మీద వెళతాను. ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యాక కూడా డబ్బులు పెట్టి సీజన్ ఎందుకని మా ఆయన, అత్తగారు రోజూ అంటున్నారు. వాళ్లన్నది నిజమే అనిపిస్తుంది గానీ బస్సులో నిలబడి వెళ్లాలంటే నాకు టెన్షన్. ఏం చెయ్యమంటారు?
– ఒక ఉద్యోగిని, విజయనగరం

జవాబు: అమ్మా, ముందు స్త్రీ శక్తి గురించి నలుగురికీ పనికొచ్చే రెండు మాటలు చెప్పి మీ సంగతికి వస్తాను. ఈ పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్, ఈ ఐదు రకాల బస్సుల్లో మన రాష్ట్రంలో నివసించే ఆడవాళ్లకీ, ట్రాన్స్‌జెండర్లకీ చార్జీ లేదు. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు లాంటిది ఒకటి చూపించాలి, కండక్టరు జీరో టికెట్ ఇస్తాడు, అది తప్పకుండా తీసుకోవాలి. సూపర్ లగ్జరీ, అల్ట్రా డీలక్స్, ఏసీ బస్సుల్లో, ఆగకుండా వెళ్లే నాన్‌స్టాప్ సర్వీసుల్లో, పక్క రాష్ట్రానికి వెళ్లే బస్సుల్లో ఇది చెల్లదు. మన వైపు నుంచి ఒడిశా వెళ్లే బస్సులు చాలానే ఉన్నాయి కాబట్టి ఎక్కేముందు బోర్డు చూసుకోండి.

ఇక మీ విషయం. మీ ఆఫీసు వైజాగ్‌లో ఎక్కడో మీరు రాయలేదు, జవాబంతా దానిమీదే ఉంది. విజయనగరం బస్సు ఆనందపురం మీదుగా వెళ్లి మధురవాడ, మద్దిలపాలెం దాటి ద్వారకా బస్టాండుకి చేరుతుంది. మీ ఆఫీసు మధురవాడలోనో ఎండాడలోనో అయితే బస్సు మిమ్మల్ని దాదాపు గుమ్మంలో దించుతుంది. రైలైతే మిమ్మల్ని ఊరి అవతలి కొసకి తీసుకెళ్లి దించుతుంది, అక్కణ్ణుంచి మళ్లీ వెనక్కి రావాలి. అప్పుడు మీ ఇంట్లోవాళ్లన్నదే నిజం, సీజన్ ఆపెయ్యండి.

అలా కాకుండా మీ ఆఫీసు రైల్వే స్టేషన్ చుట్టుపక్కలో, పాత ఊళ్లోనో, లేదా రైలు దారిలోనే ఉన్న కొత్తవలస, పెందుర్తి వైపో అయితే సీజన్ వదలొద్దు. ఇది నేను గట్టిగానే చెబుతున్నాను. వైజాగ్‌కి రైల్లో అరవై కిలోమీటర్లు. రోజూ పోనూ రానూ అంత దూరం నిలబడి ప్రయాణం చేసి, ఇంటికొచ్చి వంట చేసి, మర్నాడు మళ్లీ ఐదింటికి లేవాలి. నెలకి మిగిలేది సీజన్ డబ్బులు, అవి ఎన్నో మీకు తెలుసు, దాన్ని మీరు వెళ్లే రోజులతో భాగించి చూడండి. రోజుకి పది, పన్నెండు రూపాయలు కూడా అవ్వకపోవచ్చు. ఆ పన్నెండు రూపాయలకి కూర్చునే చోటు, వేళకి చేరడం, రోజూ ఒకే పెట్టెలో ఎక్కే నలుగురు తోటి ఆడవాళ్లు దొరుకుతున్నారు. నేను పదకొండేళ్లు ఇదే దారిలో సీజన్ మీద తిరిగాను. పొద్దుటి ప్యాసింజర్లో ఆడవాళ్లు కనకాంబరాలు, మల్లెలు మాలలు కట్టుకుంటూ, కూరగాయలు తరుక్కుంటూ, పిల్లల చదువుల గురించి చెప్పుకుంటూ వచ్చేవాళ్లు. కంటకాపల్లి దాటేసరికి ఒకావిడ డబ్బా మూత తీసి అందరికీ పులిహోర పంచేది. ఇంట్లో వాళ్లకి ఇవేవీ లెక్కలోకి రావు, మీరు చెప్పాలి.

మధ్యేమార్గం కూడా ఒకటుంది. రైలు తప్పిపోయిన రోజు, రైలు ఆలస్యం అని తెలిసిన రోజు, సీజన్ చేతిలో ఉన్నా బస్సెక్కండి, మీకెలాగూ అక్కడ చార్జీ లేదు. మగవాళ్లకి ఆ రోజు రెండో ఖర్చు పడుతుంది, మీకు పడదు. మరి సీజన్ గడువు ముగిసే వారంలో ఎక్కువ సెలవులుంటే కొత్తది వెంటనే తీసుకోకుండా ఆ వారం బస్సులో గడిపి, తరవాత తీసుకోండి. ఏడాదిలో మూడు నాలుగు సార్లు అలా చేస్తే ఒక నెల సీజన్ ఖరీదు మిగులుతుంది, మీ అత్తగారికి ఆ అంకె చెప్పండి.

ఒక్క జాగ్రత్త. సీజన్ మీద రిజర్వేషన్ పెట్టెల్లో ఎక్కకూడదు, వందేభారత్‌లో అసలు కుదరదు, సూపర్‌ఫాస్ట్ బండ్లకి అదనపు చార్జీ ఉంటుంది. గుర్తింపు కార్డు మర్చిపోతే సీజన్ ఉన్నా లేనట్టే.

ప్రశ్న: మూడు నెలల సీజన్ ఒకేసారి తీసుకుంటే లాభమా?
– గరివిడి నుంచి

జవాబు: మూడు నెలల సీజన్ ధర నెల సీజన్‌కి 2.7 రెట్లు. అంటే 90 రోజులకి 81 రోజుల డబ్బు కడుతున్నారు, తొమ్మిది రోజులు మిగులుతున్నాయి. మూడు నెలలూ ఆగకుండా తిరుగుతానని నమ్మకం ఉంటే తీసుకోండి. నాకు ఒకసారి ఎదురుదెబ్బ తగిలింది. మూడు నెలలది తీసుకున్న పది రోజులకే మా అమ్మ మంచాన పడింది, నెలన్నర ఇల్లు కదల్లేదు, తరవాత చూస్తే ఇంకో నెల మాత్రమే మిగిలింది. వాడుకోని సీజన్‌కి డబ్బు వెనక్కి రావడమంటే మామూలుగా జరగదు. ఇంట్లో పెద్దవాళ్లు బాగోలేనివాళ్లు, ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నవాళ్లు నెలనెలా కొనుక్కోవడమే మంచిది. క్యూ భయం అక్కర్లేదు, 2025 జులైలో వచ్చిన రైల్‌వన్ యాప్‌లో ఇంటి దగ్గరే తీసుకోవచ్చు.

అన్నట్టు, కొవిడ్ తర్వాత ప్యాసింజర్ రైళ్లలో కనీస చార్జీ 30 రూపాయలు చేశారు కదా, 2024 ఫిబ్రవరి చివర్లో అది మళ్లీ 10కి వచ్చింది. వారానికి రెండు రోజులే వెళ్తూ, అప్పటి చార్జీ మంట చూసి సీజన్‌కి అలవాటుపడ్డవాళ్లు ఉన్నారు. విడి టికెట్ తగ్గింది కాబట్టి సీజన్ గిట్టుబాటు కావాలంటే ఇప్పుడు ఇంకా ఎక్కువసార్లు ఎక్కాలి. నెల్లిమర్ల, గరివిడి లాంటి దగ్గర స్టేషన్లవాళ్లు కొత్తగా లెక్క చూసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది. పొందూరు నుంచి విజయనగరం కాలేజీకి రైల్లో వెళుతుంది. రోజూ టికెట్ కొంటోంది. విద్యార్థి పాసు తీసుకోవడానికి కాలేజీలో కాగితాలు అడగాలంటే మొహమాటపడుతోంది.
– ఒక నేత కార్మికుడు, పొందూరు

జవాబు: అయ్యా, ఈ మొహమాటం ఈరోజే వదిలించండి. రైల్వేలో ఇంటి నుంచి చదువుకునే చోటికి వెళ్లే ఆడపిల్లలకి డిగ్రీ దాకా, మగపిల్లలకి పన్నెండో తరగతి దాకా సెకండ్ క్లాసు నెల సీజన్ ఉచితం. తక్కువ ధరకి ఇవ్వడం కాదు, అసలు డబ్బే లేదు. చాలామంది తల్లిదండ్రులకి ఈ సంగతి తెలియక రోజూ టికెట్ కొనిస్తున్నారు, చదువుకున్నవాళ్లు కూడా. చదువుతున్న చోటు నుంచి ధ్రువపత్రం తీసుకుని స్టేషన్ కౌంటర్లో ఇవ్వాలి, ఏ నమూనాలో కావాలో ముందుగా కౌంటర్లోనే అడిగి తెలుసుకుంటే రెండుసార్లు తిరగక్కర్లేదు. కాలేజీ ఆఫీసులో సంతకం పెట్టడం వాళ్ల పని, అడగడం మీ అమ్మాయి హక్కు. మొదటిసారి మీరు కూడా వెంట వెళ్లండి.

ప్రశ్న: వయసు 66. నరసన్నపేట నుంచి శ్రీకాకుళం ఆస్పత్రికి వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి వెళ్లాలి. మా అబ్బాయి నెల పాసు తీస్తానంటున్నాడు.
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు

జవాబు: వద్దండీ మాస్టారూ. వారానికి రెండుసార్లంటే నెలకి పదహారు, పద్ధెనిమిది ప్రయాణాలు, ఏ పాసూ గిట్టుబాటు కాదు. 60 దాటినవాళ్లకి ఆర్టీసీలో టికెట్ మీద 25 శాతం తగ్గింపు ఎలాగూ ఉంది, ఆధార్ చూపించి అది అడిగి తీసుకోండి. మీ అబ్బాయి పాసు డబ్బు తీసి పెట్టుకున్నాడంటున్నారు కాబట్టి, ఆ డబ్బుతో బస్టాండు నుంచి ఆస్పత్రికి ఆటో ఎక్కండి. మోకాళ్ల నొప్పితో నడవొద్దు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో న్యూయార్క్‌లో ఉంటుంది. నేనూ మా ఆయనా నెల రోజులు వెళుతున్నాం. అక్కడ సబ్‌వేకి, అంటే భూగర్భ రైలుకి, అన్‌లిమిటెడ్ పాసు కొనుక్కోమని ఇంతకుముందు వెళ్లొచ్చిన మా వదిన చెప్పింది. కొనాలా?
– ఒక గృహిణి, విజయనగరం కంటోన్మెంట్

జవాబు: మీ వదినగారు వెళ్లినప్పుడు అది సరైన సలహానే, ఇప్పుడు అక్కడ పద్ధతి మారింది. పాత మెట్రోకార్డుల అమ్మకం 2025 డిసెంబరు 31తో ఆపేశారు, వాటితోపాటే పాత 7 రోజుల, 30 రోజుల అన్‌లిమిటెడ్ పాసులూ పోయాయి. ఇప్పుడున్నది ఓమ్ని అనే పద్ధతి, గేటు దగ్గర కార్డో ఫోనో ఆనిస్తే చాలు. 2026 జనవరి 4 నుంచి ఒక ప్రయాణం 3 డాలర్లు. మొదటిసారి ఆనించినప్పటి నుంచి ఏడు రోజుల్లో 35 డాలర్లు అయ్యాయంటే, ఆ ఏడు రోజులు ముగిసేదాకా సబ్‌వేలో, ఊళ్లో తిరిగే మామూలు బస్సుల్లో ఇక డబ్బు తీసుకోరు. అంటే పాసా, విడి టికెట్టా అని మీరు ముందు తేల్చుకోనక్కర్లేదు, తక్కువ తిరిగిన వారం తక్కువే పడుతుంది, ఎక్కువ తిరిగిన వారం దానంతటదే పాసు అయిపోతుంది.

ఒక్కటే షరతు, ప్రతిసారీ అదే కార్డు ఆనించాలి. ఒకసారి కార్డు, ఒకసారి ఫోను ఆనిస్తే రెండు వేరు వేరు లెక్కలవుతాయి, ఏదీ 35కి చేరదు. మీ ఇద్దరికీ వేరు వేరు కార్డులు ఉండాలి, ఒకే కార్డు ఇద్దరికీ ఆనిస్తే రెండో మనిషిది ఆ లెక్కలో సరిగా పడదు. న్యూజెర్సీ వైపు వెళ్లే పాథ్ రైలు వేరే సంస్థది, దాని డబ్బు ఇందులో కలవదు. మీరు మనుమల్ని చూసుకుంటూ ఇంట్లోనే ఎక్కువ ఉంటారు కాబట్టి చాలా వారాల్లో 35 దాటకపోవచ్చు, అయినా నష్టమేం లేదు.

ఈ పద్ధతి మన బస్సుల్లోకి రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను. ఎందుకో కింది ఉత్తరం చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: పైడిభీమవరంలో కాంట్రాక్టు పని. శ్రీకాకుళం నుంచి వస్తాను, నెలకి ఇరవై నాలుగు, ఇరవై ఐదు రోజులు తప్పకుండా వెళతాను. పాసు తీసుకుంటే లాభమని నాకూ తెలుసు సార్. కానీ జీతం పదో తేదీకి గానీ పడదు, ఒకటో తేదీకి చేతిలో రెండొందలు కూడా ఉండవు. రోజూ టికెట్ కొనేవాణ్ణి తెలివితక్కువవాడిలా చూస్తున్నారు మా వాళ్లు.
– పేరు రాయొద్దన్న పాఠకుడు

జవాబు: మీరు తెలివితక్కువవాళ్లు కాదు. పాసు కొనగలిగినవాడికి ప్రయాణం చవక, కొనలేనివాడికి ఖరీదు, ఇది మీ తప్పు కాదు, ఈ పద్ధతిలో ఉన్న లోపం. న్యూయార్క్‌లోలా రోజూ కట్టింది జమ అయ్యి, పాసు ధరకి చేరగానే మిగతాది ఉచితం అయ్యేలా ఉంటే మీరు ఇన్నాళ్లూ ఎదురు డబ్బు కట్టి ఉండేవాళ్లు కాదు. అది వచ్చేదాకా మనం చెయ్యగలిగింది చూద్దాం.

పాసు ఒకటో తేదీకి కొనాలన్న ఆలోచన ముందు తీసెయ్యండి. జీతం పదో తేదీ పడితే మీ నెల పదకొండున మొదలవుతుంది. మొదటి పాసుకే కష్టం, ఎందుకంటే ఆ పది రోజులూ టికెట్లు కొంటూనే పాసు డబ్బు కూడా జమచెయ్యాలి. ఒకసారి మొదలైతే మళ్లీ పదో తేదీ దాకా చార్జీ ఖర్చే ఉండదు, అప్పటికి కొత్త జీతం వస్తుంది. ఆ మొదటి పాసుకి మీ బావమరిదినో, పనిలో తోటివాణ్ణో ఒక్కసారి చేబదులు అడగండి. వడ్డీకి మాత్రం తేవొద్దు, పాసులో మిగిలేది వడ్డీకే పోతుంది. చేబదులు దొరక్కపోతే ఇంకో దారి ఉంది. సెలవు రోజున, బస్సెక్కని రోజున, ఎవరైనా బండి మీద ఎక్కించుకున్న రోజున ఆ చార్జీ డబ్బులు డబ్బాలో వెయ్యండి. నెలకి నాలుగైదు రోజులు అలా వేసినా మూడు నాలుగు నెలల్లో పాసు ధరకి దగ్గరకొస్తారు.

మీరు షిఫ్టుల్లో పనిచేస్తున్నామని కూడా రాశారు. రాత్రి షిఫ్టు దిగేసరికి ఏ బస్సు దొరుకుతుందో చూసుకోండి, పాసు పల్లెవెలుగుది తీసుకుని, ఆ వేళకి వచ్చేది ఎక్స్‌ప్రెస్ ఒక్కటే అయితే పాసు జేబులో ఉండి కూడా టికెట్ కొనాల్సి వస్తుంది. కౌంటర్లో మీ రెండు షిఫ్టుల వేళలూ చెప్పి, రెంటికీ పనికొచ్చే పాసు ఏదో అడగండి, దాని ధరతోనే భాగహారం చెయ్యండి. వెళ్లేటప్పుడు ఆధార్, పాస్‌పోర్టు సైజు ఫోటోలు రెండు పట్టుకెళ్లండి. ఈ నెల క్యాలెండర్లో గీతలు పెట్టి ఫోటో తీసి పంపండి, పదో తేదీ లోపు నేను కూడా ఒకసారి లెక్క చూసి చెబుతాను.